కపిలబావి చేను

గడచిన మాసమున ఈ పుటలో వడియములను, ఊరుమిరపకాయలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున అట్టి యింపైన సంగతి వ్రాయుటకు మనసొప్పలేదు. మొన్న శ్రావణమున మేము పుట్టినింటికి పోయివచ్చితిమి. చీర, రవికె, పసుపు, కుంకుమలతోపాటు ఈసారి మాకొక కాగితమునుకూడ చేతికిచ్చిరి. దాని యడుగున మా సంతకము కావలయునట. ఆ కాగితమును గూర్చియు, అది యే నేలకు సంబంధించినదో ఆ నేలను గూర్చియు మీతో చెప్పుకొనదలచితిమి. ఇది మా యింటి సంగతియే యైనను, మీలో పెక్కుమందికి నేడో రేపో ఎదురగు సంగతియే యని మా నమ్మకము.

మా పుట్టిల్లు కడపజిల్లాలో పులివెందులకు పడమటనున్న లింగాల ప్రాంతమున నున్నది. ఆ నేల రాతినేల. వాన కురిసిన సంవత్సరము తల్లివలె పెట్టును, కురియని సంవత్సరము సవతితల్లివలె చూచును. మేము పెండ్లియై ప్రొద్దుటూరు వచ్చి పదునైదేండ్లు గడచినవి. మావారు బడిపంతులు. మాకు సెంటు భూమి లేదు. నెలజీతమే మాకు పంట. కాబట్టి నేలను గూర్చి మాట్లాడు అధికారము మాకేమున్నదని మీరడుగవచ్చును. మేమును చాలకాలము అట్లే తలచితిమి.

మొదట ఈ నేలకు కాగిత మెట్లు వచ్చినదో చెప్పవలెను. 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఆంగ్లేయుల కంపెనీకి దత్తము చేసెను. అందువలన దీనికి దత్తమండలమను పేరు వచ్చినది. రాయలసీమ యని మనము గౌరవముగా పిలుచుకొను పేరు 1928లో నంద్యాల సభలో వెలసినది. కంపెనీవారి పక్షమున తామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా నుండెను. అతడు పాళెగాండ్రను అణచి, చేను చేనును కొలిపించి, రైతు రైతునకు వేరువేరుగా శిస్తు నిర్ణయించెను. ఆ శిస్తు బరువని అతనికే తోచి, 1807లో పైవారికి వ్రాయుచు, అన్ని భూములపైని రూపాయికి పావులా తగ్గింపుమనియు, రైతు తన ఖర్చుతో బావిని బాగుచేసికొను పక్షమున ఆ బావిక్రింది భూమికి నూటికి 33 వంతులు తగ్గింపుమనియు కోరెను. పైవారు అప్పుడు వినలేదు. అతడే మద్రాసు గవర్నరుగా 1820లో తిరిగివచ్చిన పిదప గాని రైతులకు ఊరట కలుగలేదు. 1827లో పత్తికొండలో వాంతిభేదిచే అతడు మరణించెను. మన్రోలప్ప యని తమ బిడ్డలకు పేరు పెట్టుకొన్న కుటుంబములు మా సీమలో నుండెను. దొరలందరును అట్టి జ్ఞాపకమునకు నోచుకొనలేదు.

ఆ పద్ధతివలన రైతునకు మేలు కలిగినమాట నిజము. నడుమ జమీందారు లేడు. తన చేను తనది. కాని ఆ పద్ధతిలోనే మరియొక సంగతి యిమిడియున్నది. చేనికొక నెంబరు, నెంబరునకొక పట్టా, పట్టాకొక పేరు. ఆ పేరు ఇంటిమగవానిది. ఇంటిలో ఎన్ని చేతులు ఆ చేనిలో పనిచేసినను కాగితమున పట్టినది ఒక్క పేరే.

ఇక మా యింటి కథ. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని కాల్చివేసిన కరువును మావైపున ధాతకరువందురు. ధాత నామ సంవత్సరమున మొదలయ్యెను గనుక ఆ పేరు. ఆ కరువు తీరిన కొన్నేండ్లకు, మా అబ్బకు అబ్బయైన పెద్దమనిషి భార్యను వెంటబెట్టుకొని, ఒక మడకతో, ఒంటియెద్దుతో ఈ బీటికి వచ్చెనట. రెండవ యెద్దు కరువులో పోయినది. పొరుగువాని యెద్దును జతకట్టి, ఒకనాడు వాని చేను, ఒకనాడు తన చేను దున్నుకొనిరి. సర్కారు బీటికి దరఖాస్తు పెట్టుకొని, శిస్తు కట్టుటకొప్పుకొని, పట్టా సంపాదించిరి.

దున్నుట తరువాతిమాట. ముందు రాళ్లు తీయవలెను. అతడు గడ్డపారతో పెకలించుచుండగా ఆమె గంపతో మోసెడిది. వేపచెట్టు కొమ్మకు చీర ఉయ్యాలగట్టి బిడ్డ నందులో పండుకొనబెట్టి, పది గంపలకొకసారి వచ్చి చూచుకొని పోయెడిదట. ఆ రాళ్లకుప్ప నేటికిని చేని యీశాన్యమూలను మనిషి నిలువెత్తున నున్నది. దానిని ఇంటివారందరు జేజిగుట్ట యందురు. ఆమె అసలు పేరేమని మేము అబ్బ నడిగితిమి. అబ్బకు తెలియదు. తానామె యొడిలో పెరిగెను, ఆమె చేతి కొర్రన్నము తినెను, ఆమె పోవునప్పటికి తనకు పదునైదేండ్లుండెను. అయినను పేరు తెలియదు. జేజి యనియే పిలిచెను. ఆమె మగని పేరుమాత్రము పట్టాలో నున్నది, కాబట్టి అది మాకందరకు తెలియును.

రామాయణమున సీత నాగటిచాలున దొరకెను గనుక ఆమెకా పేరు వచ్చినది. చాలు నుండి పుట్టిన తల్లికి పేరు దక్కినది. చాలుకు దారిచేసిన మా తల్లికి దక్కలేదు.

ఆ మొదటి తరమువారు నేలను జయింపవలసిన దానినిగా చూచిరి. తరువాతి తరమువారు దానిని నమ్మిరి. అబ్బ తండ్రి ఆ చేనిలో కపిలబావి త్రవ్వించెను. లోతు 40 అడుగులు. ముప్పదవ యడుగున బండ తగిలినదట. ఒడ్డెవారికి కూలి యిచ్చుటకు చేత డబ్బు లేనప్పుడు, ఆయన భార్య తన వెండికడియములు తీసి యిచ్చెను. అవి మరల చేయించుకొన్నట్లు ఎవరును చెప్పలేదు.

కపిల నెరుగని చిన్నవారికొరకు రెండు మాటలు చెప్పెదము. బావిగట్టునుండి వెనుకకు పల్లముగా ఒక బాట యుండును. రెండెద్దులు ఆ బాటను దిగుచుండగా మోకు లాగబడి, నీటితో నిండిన తోలుబాన పైకివచ్చును. దాని తొండము తొట్టిలో వాలి నీటిని కాలువకు వదలును. ఎద్దులు వెనుకకు నడచి పైకెక్కగా బాన మరల బావిలోనికి దిగును. కోడికూతకు మొదలిడి ఎండ ముదురువరకు తోలెడివారు. తరువాత ఎద్దులు అలసిపోవును. ఎద్దులు అలసినప్పుడు బావికిని సెలవు. మరునాటి తెల్లవారుజామునకు ఊట మరల నిండియుండును. నేల యెంత యీయగలదో అంతకు మించి తీసికొనుటకు ఆ కాలమువారికి శక్తి లేదు. అది వారి సుగుణమని మేము చెప్పము. వారి యెద్దులకు అంతకన్న బలము లేకుండుటయే ఆ బావిని కాపాడినది.

మూడవ తరము అబ్బది. ఆయన నడివయసున ఆయిల్ ఇంజను వచ్చెను, తరువాత కరెంటు మోటారు వచ్చెను. కపిల మూలబడెను. కొర్ర, జొన్న, సజ్జ వేసిన చేలలో చెనిక్కాయ వేసిరి. కొర్రలు ఇంటిగాదెలోనికి పోవును, చెనిక్కాయలు అంగడికి పోవును. ఇది చిన్న మార్పువలె తోచును గాని, ఇంటి ఆడువారికి పెద్ద మార్పు. గాదెతాళము జేజి నడుమున నుండెడిది. ఏ పూట ఎంత దంపవలెనో, విత్తనమున కెంత దాచవలెనో, బీదసాదల కెంత కొలువవలెనో ఆమె చెప్పినదే మాట. చెనిక్కాయల డబ్బు మాత్రము అబ్బ అంగీజేబులోనికి పోయెను. విత్తనపుకాయలు ఒలుచుట, కలుపు తీయుట, కాయ పెరుకుట ఆడువారి పనిగానే నిలిచెను. లెక్కమాత్రము వారి చేతినుండి జారిపోయెను. అబ్బ చెడ్డవాడు కాడు. సాయంకాలము వీధియరుగు మీద కూర్చుండబెట్టి మాకు భాగవతము చదివించినది ఆయనయే. ఆడుపిల్లకు చదువేలయని నలుగురు నవ్వినను లెక్కచేయలేదు. కాని చెనిక్కాయల లెక్క జేజికి చెప్పవలెనని ఆయనకు తోచలేదు. జేజికిని అడుగవలెనని తోచలేదు.

నాల్గవ తరము మా నాయనది. ఆయన చీనీతోట పెట్టెను. చీనీచెట్టు నాటిన నాలుగైదేండ్లకు గాని కాపునకు రాదు. వచ్చిన పిదప ఇరువదేండ్లు బిడ్డవలె ఆదుకొనును. అయితే దానికి ప్రతి వేసవిలోను నీరు కావలెను. చెనిక్కాయ ఎండిన ఒక పంట పోవును. చీనీ ఎండిన ఇరువదేండ్లు పోవును. ఆ భయమే బోర్లను తవ్వించినది. మొదటి బోరు 180 అడుగులకు నీరిచ్చెను. రెండవది 300 అడుగులకు. పొరుగువారును వేసిరి. అందరును ఒకే గిన్నెలోని పాలను వేరువేరు గొట్టములతో పీల్చినట్లయ్యెను. ఎవని గొట్టము పొడవో వానివే పాలు. మా కపిలబావి మేము చూచుచుండగనే ఎండిపోయెను. దాని యడుగున తంగేడుపొద మొలచెను.

బోర్ల నడుమ దూరమును, అనుమతిని నియమించుచు 2002లో జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము వచ్చినది. 2004లో సేద్యమునకు కరెంటు ఉచితమయ్యెను. రైతునకది ఊరటయే, మేము కాదనము. కాని ఎద్దునకున్న అలసట మోటారునకు లేదు, ఆ మోటారునకు బిల్లుకూడ లేనప్పుడు చాలునని చెప్పువా రెవ్వరు? నాయన మొత్తము పదునొకండు బోర్లు వేయించెను. మూడింటిలో నీరు పడినది. కడపటిది 720 అడుగులు పోయి దుమ్ము చిమ్మినది. ఆ దుమ్ము మా యమ్మ ఆరవేసిన చీరలపై తెల్లగా పేరుకొనుట మేము కన్నులార చూచితిమి. ఆ బోరునకు అమ్మ గాజులును, చంద్రహారమును తాకట్టుపోయినవి. ఆ వేసవి టాంకర్లతో నీళ్లు కొని చెట్లకు పోసిరి. సగము చెట్లు బ్రదికెను, సగము వంటచెరకయ్యెను. చీనీకట్టె మంచి వాసనతో మండును. అమ్మ ఆ పొయ్యికడ కూర్చుండి ఒక్కమాటయు మాటాడలేదు.

భాగవతమున పృథుచక్రవర్తి కథ యున్నది. భూమి ఓషధులను తనలో దాచుకొనగా, ప్రజలు ఆకటితో మ్రగ్గుచుండగా, రాజు విల్లెత్తి ఆమెను తరుమును. ఆమె గోరూపమున పరుగెత్తి అలసి నిలిచి, తన్ను చంపినచో ప్రజలను దేనిపై నిలుపుదువని అడుగును. పిదప తగిన దూడను, తగిన పాత్రను తెచ్చి పిదుకుకొమ్మని తానే ఉపాయము చెప్పును. మేము పండ్రెండేండ్ల వయసున ఆ ఘట్టము చదివినప్పుడు దూడ యెందుకో తెలియలేదు. దూడ లేనిదే ఆవు చేపదు. దూడకు వదలనిదే మరునాడు పాలుండవు. నాయన ఆ కథ మాకంటె బాగుగా నెరుగును. అప్పు తలపై నున్నవానికి కథ జ్ఞాపకము రాదు.

నాయన పోయి నాలుగేండ్లయినది. ఇప్పుడు సేద్యము మా యన్నది. కాలముకూడ మారినది. లింగాల మండలమందలి పార్నపల్లెకడ చిత్రావతిపై కట్టిన జలాశయము పది టి.యం.సి.ల నీటిని పట్టును. తుంగభద్ర నీరు ఎగువకాలువ మీదుగా దానికి కొంత వచ్చును. కృష్ణనీరు శ్రీశైలమునుండి గండికోట చేరి, అక్కడినుండి పంపులతో ఎత్తబడి దానికి వచ్చును. ఎక్కడి కృష్ణ, ఎక్కడి లింగాల! ఆ నీరు నిలిచిన పిదప మావైపు బోర్లలో ప్రాణము వచ్చినది. ఆ జలాశయము క్రింద మునిగి చెదరిన పల్లెలును కలవు. మన కడుపు నిండినప్పుడు వారిని మరువరాదు. ఇప్పుడు అన్న అరటితోట వేసినాడు. 2020 జనవరిలో తాడిపత్రినుండి ముంబయి రేవునకు అరటిపండ్ల రైలు పోయినది. అనంతపురము, పులివెందుల ప్రాంతముల కాయలు అందులో గల్ఫుదేశములకు ప్రయాణము కట్టినవి. మా ముత్తవ్వలు రాళ్లేరిన సీమ పండు సముద్రము దాటుచున్నది.

నీరు వచ్చిన నేలకు ధర వచ్చును. ధర వచ్చిన నేలకు బేరగాండ్రు వత్తురు. కపిలబావి చేను రెండెకరముల నలుబది సెంట్లకు ఒకరు మంచి ధర చెప్పిరట. అన్నకు నాయన నాటి అప్పులున్నవి. పిల్లలను కడపలో చదివింపవలెనని వదినెకు కోరిక. అందులో తప్పేమియు లేదు. అమ్ముటకు ముందు కాగితములు సరిచేసికొనవలెను గనుక, మా సంతకమునకై ఆ పత్రము సిద్ధము చేయించిరి.

"నువ్వు సంతకం పెట్టిపో పాపా, అంతే. నీకు చేయాల్సిన మర్యాద నేను చేస్తా కదా," అని అన్న యనెను. ఆ మాట ప్రేమతో అన్నదే. మేమును కలము తీసితిమి. అయితే చదువకుండ సంతకము చేయుట మాకు అలవాటు లేదు. అరుగుమీద కూర్చుండి, పక్కన చెనిక్కాయలొలుచుచున్న అమ్మకు వినబడునట్లు మొదటినుండి చదివితిమి. అది హక్కు విడుదల దస్తావేజు. దానిలో మా పేరున్నది. మా పేరునకు పైన మా యమ్మ పేరున్నది. భర్త యాస్తిలో తనకు గల సమస్తమైన హక్కును అమ్మ కుమారునకు విడిచిపెట్టుచున్నట్లు అందులో వ్రాసియుండెను. వ్రేలిముద్రకొరకు చోటుకూడ వదలియుండిరి.

అమ్మ చేతిలోని కాయ నట్లే పట్టుకొని, "పేరు మార్చేదానికి ముద్ర వేయాలన్నారు గదా?" అనెను. కొంతసేపటికి, "బాయి కూడా పోతుందా?" అనెను. అంతకు మించి ఏమియు అనలేదు.

అన్న ముఖము చిన్నబోయెను. అతడా దస్తావేజును చదువలేదు. వ్రాయించినవాడు ఇట్లే వ్రాయుదురనగా సరే యనెను. మోసము చేయవలెనను తలంపు అతనికి లేదని మేము ప్రమాణము చేసి చెప్పగలము. సోదరీమణులారా, మేము మీకు చెప్పదలచినది ఇదియే. మన యిండ్లలో ఆడువారి హక్కు చాలమారు దుర్మార్గునిచేత పోదు. చదువని కాగితముచేత, అడుగని ప్రశ్నచేత, మర్యాదచేత పోవును. ఆ అరుగుమీద మేము లేకున్నచో, పదునొకండు బోర్లకు నగలు తాకట్టుపెట్టిన మనిషి ఒక్క వ్రేలిముద్రతో పరాయిదైయుండెడిది. అట్లయినదని ఎవరికిని తెలిసియుండెడిది కాదు.

ఈ హక్కులు ఊరక వచ్చినవి కావు. 1937 నాటి చట్టము భర్త పోయిన స్త్రీకి అతని యాస్తిలో ఆమె బ్రదికియున్నన్నాళ్లు అనుభవించు హక్కును మాత్రము ఇచ్చెను. 1956 నాటి హిందూ వారసత్వచట్టము ఆమెకు సంపూర్ణహక్కు నిచ్చి, భార్యను, తల్లిని, కొడుకును, కూతురును మొదటివరుస వారసులనుగా నిలిపెను. పిత్రార్జితపు ఉమ్మడి యాస్తిలో పెండ్లికాని కూతురునకు కొడుకుతో సమానముగ పుట్టుకతో హక్కునిచ్చు సవరణ మన ఆంధ్రరాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చినది. దేశమంతటికి, పెండ్లియైనవారికికూడ, 2005 సెప్టెంబరు 9 నుండి వచ్చినది. ఆ తేదీనాటికి తండ్రి బ్రదికియుండకపోయినను కూతురి హక్కు పోదని సుప్రీముకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చిచెప్పినది. ఇన్ని యేండ్ల పాటు ఇందరు పాటుపడి సంపాదించినది సారెచీరతోపాటు మడిచి యిచ్చివేయునది కాదు.

ఆ రాత్రి అందరము భోజనములైన పిదప అమ్మను నడుమ కూర్చుండబెట్టుకొని లెక్క వేసితిమి. వదినె నోటుపుస్తకము తెచ్చెను. అప్పు మొత్తములో సగమునకు పైగా నీరుపడని బోర్లదే. ఆ సంగతి అన్నకును అంతవరకు తెలియదు. ఎన్నడును ఒకచోట వ్రాసి చూడలేదు. అమ్మకు చదువు రాదు గాని, ఏ బోరు ఏ పండుగకు ముందు వేసిరో, దానికి ఏ నగ పోయెనో ఒక్కటియు తప్పక చెప్పెను. వదినె వ్రాసికొనుచు మధ్యలో రెండుసార్లు కన్నులు తుడుచుకొనెను. ఆమె నగలుకూడ ఆ లెక్కలో నుండెను.

కడకు ఇట్లు నిశ్చయించుకొంటిమి. రోడ్డుప్రక్కనున్న మెట్టచేను అమ్మి అప్పులు తీర్చవలెను. కడప యింటిమాట కొంతకాలము ఆగవలెను. కపిలబావి చేను అమ్మరాదు, అది అమ్మ పేర నుండవలెను. తక్కిన తోట అన్నకు. జేజిగుట్ట యున్న అరయెకరము మాకు. వీని నన్నింటిని పారీఖత్తు దస్తావేజుగా రిజిస్ట్రారు కచేరిలో రిజిస్టరు చేయించితిమి. అమ్మ పేరు పట్టాదారు పాసుపుస్తకమునకు ఎక్కవలసియున్నది, దరఖాస్తు పెట్టితిమి. అమ్మ తనవంతుగా ఒక షరతు పెట్టెను. ఆ చేనిలో ఇక బోరు వేయరాదు.

మేము చేసినది సరియేనా? ఇరుగుపొరుగువారిలో కొందరు, పుట్టింటి నేలలో భాగమడిగినదని మమ్ము ఆడిపోసికొనిరి. మాకు తెలిసిన ఒక విద్యావతి, తోటలో న్యాయమైన వంతు వదలుకొంటివేలయని మమ్ము కోపించెను. ఇద్దరి మాటయు మాకు గ్రుచ్చుకొన్నది. అమ్మను చూచువాడు అన్న, అప్పు మోసినవాడు అన్న, ఎండలో నిలుచువాడు అన్న. అందువలన తోటలో మేము పట్టుపట్టలేదు. కాని అది మేము తెలిసి వదలినది. తెలియక పోగొట్టుకొన్నది కాదు. ఆ రెంటికి గల భేదమే ఈ వ్యాసమంతయు. మావారు మాత్రము, "గుట్టలో ఏమి పండింతువు?" అని నవ్విరి. జేజి మోసిన రాళ్లపై జేజి మనుమని మనుమరాలి పేరైన నుండనిండని మేము బదులు చెప్పితిమి.

మీలో భూమిగల యింటివారెవరైన ఈ మాటలు చదువుచున్నచో మా మనవి వినుడు. మీ యింటి పాసుపుస్తకమును ఒకసారి తీసి చూడుడు. అందెవరి పేరున్నదో, అత్తగారి పేరున్నదో లేదో కనుగొనుడు. సంతకమడిగినప్పుడు కాగితమును మొదటినుండి చివరివరకు చదువుడు. చదువురాని పెద్దలుండిన వారికి వినిపింపుడు. హక్కు విడుదల పత్రము రిజిస్టరు కానిదే చెల్లదు, రిజిస్టరైన పిదప వెనుకకు తీసికొనుట మిక్కిలి కష్టము. కాబట్టి తొందరవలదు, ఒక వారము గడువడుగుట ఎవరిని అవమానించుట కాదు. మరియొకటి. చాకలిపద్దునకు, పాలలెక్కకు పుస్తకము పెట్టుకొందుము గదా. నీటికిని ఒక పుస్తకము పెట్టుడు. ఏ బోరు ఏనాడు వేసిరి, లోతెంత, ఖర్చెంత, నీరెన్ని యేండ్లు వచ్చినది అని వ్రాసియుంచుడు. తరువాతి బోరు మాట వచ్చిననాడు ఆ పుస్తకము తెరచి పెట్టుడు. పేరుతోపాటు బాధ్యతయు మనదగును గదా.

మేము బయలుదేరు ఉదయమున అమ్మ మమ్ము కపిలబావికడకు తీసికొనిపోయెను. ఇరువదేండ్లు తంగేడు మొలచిన ఆ బావిలో, జలాశయము నిండిన పుణ్యమున, రెండేండ్లుగా అడుగున నీరు కనబడుచున్నది. అమ్మ ఒక చిన్నరాయి తీసి లోపలికి వేసి చెవియొగ్గి వినెను. "ఉండాయి" అనెను. పిదప బస్సునకు వేళయైనదని మమ్ము తొందరపెట్టెను.

వచ్చుమాసమున వర్షాకాలపు దగ్గులకు ఇంటివైద్యమును గూర్చి వ్రాసెదము.